మాంద్యం వార్తల మీద జోకులు వేయొచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ప్రతి శుక్రవారం మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వారం బిజినెస్ వార్తల మీద ఒక సరదా పోస్టు పెడతాను. మాంద్యం వస్తోందని వార్తలు ఎక్కువయ్యే కొద్దీ నా పోస్టులకు నవ్వులు కూడా ఎక్కువయ్యాయి. పోయిన నెల "బెంచి మీద ఉన్నవాళ్లకు ఇక బెంచి కూడా ఉండదు" అని రాశాను. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్లను మా ఐటీలో బెంచి మీద ఉన్నారంటాం. అందరూ నవ్వారు. ఆ వారమే మా బ్యాచ్‌లో ఒకబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. అతను ఏమీ అనలేదు, గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. "జనం పొట్ట మీద కొట్టే వార్తల్లో నీకు నవ్వెలా వస్తుంది?" అన్నారు. రాయడం మానేయాలా? అసలు ఈ వార్తల్ని చూసి నవ్వడం తప్పా?

జవాబు: అమ్మా, రాయడం మానకండి. నవ్వడం తప్పు కాదు. కానీ ఆ బెంచి వాక్యం మాత్రం బాగా లేదు. ఎందుకో చెబుతాను.

అమెరికా మాజీ అధ్యక్షుడు హారీ ట్రూమన్ 1958లో ఒక మాటన్నాడు. పక్కింటివాడి ఉద్యోగం పోతే అది రిసెషన్ (మాంద్యం), నీ ఉద్యోగం పోతే డిప్రెషన్ (మహా మాంద్యం) అని. అరవై ఏళ్లు దాటినా మాంద్యం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ బయటికి తీస్తారు. అందులో ఎగతాళి ఉద్యోగం పోయినవాడి మీద కాదు. పక్కవాడికి జరిగినంతసేపు మనం ఎంత స్థిమితంగా ఉంటామో దాని మీద. మీ గ్రూపులో జరిగింది సరిగ్గా అదే. నవ్విన వాళ్లందరికీ ఆ వారం రిసెషన్, ఆ అబ్బాయికి డిప్రెషన్. మీ వాక్యం నవ్వించింది ఉద్యోగం పోయినవాడి ఖర్చుతో. బెంచి మీద కూర్చోబెట్టిన నిర్ణయం ఎవరిదో, ప్రాజెక్టు పోగొట్టింది ఎవరో వాళ్ల జోలికే అది పోలేదు. మీ నాన్నగారికి బాధ కలిగింది ఇక్కడేనని నాకనిపిస్తోంది. ఆ మేరకు ఆయన మాట నిజం. మిగతా సగం మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే మాంద్యం వార్తల్లో నవ్వాల్సినవి చాలా ఉన్నాయి, వాటిని చూసి నవ్వకపోతే అసలు సంగతి మనకు అర్థం కాదు.

2008 నవంబర్ సంగతే తీసుకోండి. అమెరికాలో కార్ల అమ్మకాలు పడిపోయాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రిస్లర్ కంపెనీల అధిపతులు ముగ్గురూ డెట్రాయిట్ నుంచి వాషింగ్టన్ వెళ్లారు, ప్రభుత్వాన్ని 2,500 కోట్ల డాలర్ల అప్పు అడగడానికి. చేతిలో డబ్బులు నిండుకుంటున్నాయని, సాయం అందకపోతే లక్షల ఉద్యోగాలు పోతాయని చెప్పుకోవడానికి. వెళ్లింది మాత్రం కంపెనీల సొంత జెట్ విమానాల్లో. అదీ ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి, మూడు వేర్వేరు విమానాల్లో. కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, గ్యారీ యాకర్‌మన్ అనే సభ్యుడు వాళ్ల ముఖం మీదే అడిగాడు: గంజి కేంద్రానికి సూటూ బూటూ టోపీ వేసుకుని వచ్చినట్టుంది, కనీసం ఫస్ట్ క్లాస్ టికెట్ కొనుక్కుని రాలేకపోయారా, లేదా ముగ్గురూ ఒకే విమానం ఎక్కలేకపోయారా అని. బ్రాడ్ షెర్మన్ అనే మరో సభ్యుడు, మామూలు విమానంలో వచ్చినవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. పోనీ ఇప్పుడు ఆ జెట్ అమ్మేసి మామూలు విమానంలో తిరిగి వెళ్దామనుకుంటున్నవాళ్లు ఎత్తండి అన్నాడు. అప్పుడూ లేవలేదు. ఎవరూ చెయ్యెత్తలేదని రికార్డులో రాయమన్నాడు.

డిసెంబర్‌లో మళ్లీ పిలిచారు. ఈసారి ముగ్గురూ తమ కంపెనీల హైబ్రిడ్ కార్లలో బయల్దేరి, ఐదు వందల మైళ్లకు పైగా రోడ్డు మీద ప్రయాణం చేసి వచ్చారు.

ఇందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ కల్పించలేదు. నవ్వు దానంతట అదే వస్తుంది. ఎవరి మీద నవ్వుతున్నామో కూడా స్పష్టంగా ఉంది. డెట్రాయిట్‌లో కారుకు బోల్టులు బిగించే కార్మికుడు కూడా ఈ కథకు మనతోపాటే నవ్వగలడు, ఇంకా గట్టిగా నవ్వగలడు. మీ బెంచి వాక్యానికి ఆ అబ్బాయి నవ్వలేడు. నేను చెప్పదలచుకున్న తేడా అంతా ఇదే.

అయితే ఈ కథ మీరు రాస్తే జెట్‌ల దగ్గరే ఆపకండి. విమానాలన్నీ అమ్మేసినా ఆ కంపెనీలు గట్టెక్కేవి కావు. 2008 వేసవిలో పెట్రోలు ధర ఆకాశాన్నంటింది. వాళ్లేమో పెద్ద పెద్ద ఎస్‌యూవీల మీద ఆధారపడి ఉన్నారు. ఆ వెనకే బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి. అమెరికాలో ఎక్కువమంది కారు కొనేది అప్పు మీదే. క్రిస్లర్ 2009 ఏప్రిల్ చివర్లో, జనరల్ మోటార్స్ జూన్ 1న దివాలా పిటిషన్ వేశాయి. ఫోర్డ్ అంతకుముందే పెద్ద అప్పు తెచ్చిపెట్టుకుని ఉండటంతో ఆ సాయం తీసుకోకుండానే, దివాలా లేకుండానే బయటపడింది. నవ్వించిన తర్వాత ఈ నాలుగు వాక్యాలు పెడితే మీ పోస్టు చదివినవాళ్లకు వినోదంతోపాటు విషయమూ తెలుస్తుంది. వట్టి జెట్ కథే చెబితే, పెద్దల విలాసాల వల్లే కంపెనీలు మునిగాయనే తప్పుడు లెక్క బుర్రలో ఉండిపోతుంది.

ఏఐజీ ఇన్సూరెన్స్ కథ కూడా ఇలాంటిదే. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. మర్నాడే ఏఐజీని నిలబెట్టడానికి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. వారం తిరక్కుండానే ఆ సంస్థ అనుబంధ కంపెనీ ఒకటి కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున రిసార్ట్‌లో సమావేశం పెట్టింది. బిల్లు 4 లక్షల 40 వేల డాలర్లు దాటింది. అందులో మసాజులకు, స్పాకు అయింది సుమారు 23 వేలు. ఇది కాంగ్రెస్ విచారణలో బయటపడింది. అది ఎక్కువ వ్యాపారం తెచ్చిన ఏజెంట్ల కోసం ముందే ఖాయం చేసిన కార్యక్రమమని కంపెనీ చెప్పింది. ఆ మాట కూడా నిజమే. అది కూడా రాయండి. అవతలివాళ్ల వాదన చెప్పాక కూడా జనం నవ్వితే ఆ జోకులో బలం ఉన్నట్టు.

ఇక నిపుణుల మాటలు. ఇక్కడ మీకు ఏళ్లకు సరిపడా సరుకు దొరుకుతుంది. యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇర్వింగ్ ఫిషర్ ఆ రోజుల్లో అమెరికాలో పేరుమోసిన ఆర్థికవేత్త. షేర్ల ధరలు ఒక శాశ్వతమైన ఎత్తుకు చేరినట్టు కనిపిస్తోందని 1929 అక్టోబర్‌లో అన్నాడు. కొద్దిరోజులకే మార్కెట్ కూలిపోయింది. పాపం, ఆయన తన మాట తానే నమ్మి సొంత ఆస్తి కూడా పోగొట్టుకున్నాడు. గత ఐదు మాంద్యాల్లో తొమ్మిదింటిని స్టాక్ మార్కెట్ ముందే కనిపెట్టిందని ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1966లో వెటకారంగా రాశాడు, అంటే నాలుగు ఉత్తుత్తివేనని. టీవీలో "మాంద్యం తప్పదు" అని ఎవరైనా బల్లగుద్దినప్పుడల్లా నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది. 2008 నవంబర్‌లో బ్రిటన్ రాణి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లినప్పుడు, ఇంత పెద్ద సంక్షోభం వస్తుంటే ఎవరూ ఎందుకు గమనించలేదని అడిగింది. మామూలు గృహిణి ఎవరైనా అడిగే ప్రశ్నే. పండితులు కూడబలుక్కుని జవాబు ఉత్తరం రాసేసరికి మరుసటి ఏడాది జులై వచ్చింది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాంద్యాన్ని ప్రకటించే తీరు. అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ అనే సంస్థలో కొద్దిమంది ఆర్థికవేత్తల కమిటీ తేలుస్తుంది. 2007 డిసెంబర్‌లోనే మాంద్యం మొదలైందని వాళ్లు చెప్పింది 2008 డిసెంబర్ 1న. అప్పటికి లేమన్ మునిగి రెండున్నర నెలలు. 2001లో ప్రాజెక్టులు పోయి, సూట్‌కేసులు సర్దుకుని అమెరికా నుంచి ఇంటికొచ్చిన మన తెలుగు కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. అది మాంద్యమేనని కమిటీ ఆ ఏడాది నవంబర్ 26న ప్రకటించింది. 2003 జులైలో అదే కమిటీ చెప్పినదాని ప్రకారం, ఆ మాంద్యం 2001 నవంబర్‌తోనే ముగిసిపోయింది. 2020లో అయితే మాంద్యం ఫిబ్రవరిలో మొదలైందని జూన్‌లో ప్రకటించారు. అది ఏప్రిల్‌లోనే ముగిసిందని ఏడాది తర్వాత, 2021 జులైలో తేల్చారు. అంటే మొదలైందని ప్రకటించేనాటికే అది అయిపోయింది! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనవాళ్లు అనేది దీన్నే.

కానీ ఆ కమిటీని తెలివితక్కువ కమిటీ అని రాస్తే అన్యాయం. వాళ్ల పని జోస్యం కాదు, చరిత్రలో తేదీలు నిర్ణయించడం. ఉత్పత్తి లెక్కలు మొదట ఒకరకంగా వచ్చి తర్వాత సవరణల్లో మారిపోతాయి. తొందరపడి ప్రకటించి వెనక్కి తీసుకోవడం కంటే ఆగడమే నయమని వాళ్లు అనుకుంటారు. ఇందులో మీకూ మీ మిత్రులకూ పనికొచ్చే సంగతి ఒకటుంది. "మాంద్యం వచ్చిందా, రాలేదా" అని హెడ్‌లైన్ల కోసం ఎదురుచూస్తూ టెన్షన్ పడటం దండగ. అది తేలే వేళకు మీ జీవితంలో జరగాల్సింది ఎటూ జరిగిపోతుంది. మీ కంపెనీలో కొత్త నియామకాలు ఆగాయా, క్లయింట్ కాంట్రాక్టు పొడిగించాడా లేదా, ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను చేర్చుకుంటున్నారా, ఇవి చూసుకోండి.

వింత సూచికల గురించి మీరు రాసే ఉంటారు. లిప్‌స్టిక్ అమ్మకాలు పెరిగితే మాంద్యమని, ఖరీదైనవి కొనలేని ఆడవాళ్లు చిన్న సరదాతో సరిపెట్టుకుంటారని 2001లో ఎస్టీ లాడర్ కంపెనీ ఛైర్మన్ లెనార్డ్ లాడర్ అన్నాడు. 2020లో మాస్కులొచ్చి లిప్‌స్టిక్ అమ్మకాలే పడిపోయాయి, సిద్ధాంతం పక్కకు పోయింది. మగవాళ్ల బనియన్లు, డ్రాయర్ల అమ్మకాలు తగ్గితే రోజులు బాగాలేనట్టని ఫెడరల్ రిజర్వ్ మాజీ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ అన్నాడని చెబుతారు. ఇవి హాయిగా నవ్వుకోవడానికి పనికొస్తాయి. ఎవరికీ నొప్పి ఉండదు.

ఆకాశహర్మ్యాల సూచిక మాత్రం ఇంకొంచెం లోతుగా చూడాల్సింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం పూర్తవుతుంటే ఆర్థిక సంక్షోభం దగ్గర్లోనే ఉంటుందని ఆండ్రూ లారెన్స్ అనే విశ్లేషకుడు 1999లో చెప్పాడు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1931లో, మహా మాంద్యం నడుమ తెరిచారు. అద్దెకు వచ్చేవాళ్లు లేక న్యూయార్క్ జనం దాన్ని 'ఎంప్టీ స్టేట్ బిల్డింగ్' అని పిలిచారు. దుబాయ్‌లో కట్టినంతకాలం 'బుర్జ్ దుబాయ్' అన్న భవనం 2010 జనవరి 4న ప్రారంభం రోజున 'బుర్జ్ ఖలీఫా' అయింది. అంతకు కొద్ది వారాల ముందే అప్పుల్లో చిక్కుకున్న దుబాయ్‌ని అబుదాబి వెయ్యి కోట్ల డాలర్లిచ్చి ఆదుకుంది. ఖలీఫా అంటే అప్పటి అబుదాబి పాలకుడి పేరు. అప్పిచ్చినవాడి పేరు గుమ్మానికి ఎక్కిందన్నమాట. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. కానీ ఆ సంక్షోభంలోనే దుబాయ్‌లో పనులు ఆగిపోయి కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెలకు ఎందరో తిరిగొచ్చారు. ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీలతో సహా ఇంకా బాకీ ఉండగానే వచ్చారు. మీ పోస్టులో ఆ భవనం ఉంటే, వాళ్లకూ ఒక వాక్యం ఉండాలి. నవ్వు చెడిపోతుందని భయపడకండి. తెలుగువాళ్లు చదివే పోస్టులో దుబాయ్ కథ వాళ్లు లేకుండా పూర్తి కాదు.

అంకెల దగ్గర మీలాంటివాళ్ల అవసరం మరీ ఎక్కువ. 2020 ఏప్రిల్-జూన్ మధ్య మన దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని లెక్కలొచ్చాయి. మరుసటి ఏడాది అదే మూడు నెలలకు 20.1 శాతం వృద్ధి అని వచ్చింది. రికార్డు వృద్ధి అని పతాక శీర్షికలు పెట్టారు. చాలామంది పడిందంతా దాదాపు తిరిగొచ్చేసిందనుకున్నారు. 2019లో 100 రూపాయలనుకోండి. 2020లో అది 76 అయింది. 76 మీద 20 శాతం పెరిగితే 91. రికార్డు వృద్ధి సాధించి, రెండేళ్ల కిందటి కంటే తొమ్మిది రూపాయలు తక్కువలో ఉన్నాం. ఈ మూడు అంకెలు ఒక వరసలో రాసి, కింద ఆ శీర్షిక పెట్టండి, చాలు. "ఇన్వెస్టర్ల సంపద ఆవిరి" అని లక్షల కోట్లతో వచ్చే వార్తలకూ ఇలాగే లెక్క కట్టి చూపించండి. అందులో చాలామంది షేర్లు అమ్మనే లేదు. ధర పెరిగిన రోజున వాళ్ల చేతికి రాని డబ్బే ధర తగ్గిన రోజున పోయింది.

మన ఇంటి కథ కూడా ఒకటి ఉంది. మీరు అప్పటికి బళ్లో ఉండి ఉంటారు. 2008 సెప్టెంబర్‌లో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని నిజాయతీగా, పద్ధతిగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న, మాంద్యం నడిమధ్యలో, ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని, ఇది తనకు పులి మీద స్వారీ అయిందని, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదని అందులో ఉంది. ఆ అవార్డును తర్వాత వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబర్ అవార్డు, జనవరి ఉత్తరం: ఈ రెంటినీ పక్కపక్కన పెడితే చాలు. అవార్డులిచ్చేవాళ్ల మీద, సంతకాలు పెట్టిన ఆడిటర్ల మీద, ప్రశ్నలడగని బోర్డు మీద నవ్వాల్సినంత నవ్వొచ్చు. కానీ ఆ రోజుల్లో జోకుల్లో ఎక్కువ భాగం పడింది ఆ కంపెనీ ఐడీ కార్డు వేసుకున్నవాళ్ల మీద. 50 వేల మందికి పైగా ఉన్న ఉద్యోగుల్లో ఎక్కువమందికి ఆ లెక్కల సంగతే తెలియదు. వచ్చే నెల జీతం పడుతుందా, ఇంటి లోన్ ఈఎంఐ ఎలా కట్టాలి అని వాళ్లు కుంగిపోతుంటే, సత్యంలో చేస్తున్నాడా అని సంబంధాల దగ్గర వెటకారాలు. నాకు ఇప్పటికీ ఆ వెటకారాల మీద కోపం పోలేదు.

దెబ్బ తిన్నవాళ్లు తమ మీద తామే నవ్వుకోవడం మాత్రం వేరు. 2008 అక్టోబర్‌లో ఐస్‌లాండ్‌లో మూడు పెద్ద బ్యాంకులూ ఒక్క వారంలో కూలిపోయాయి. మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న దేశం అది. వాళ్ల డబ్బు విలువ ఎంత పడిందంటే, జర్మనీ నుంచి కిలో ఉల్లిపాయలు తెప్పించడానికి మంచి విస్కీ సీసా ఖరీదవుతోందని అక్కడి మెక్‌డొనాల్డ్స్ నడిపేవాడు చెప్పుకున్నాడు. 2009 అక్టోబర్ ఆఖరున ఆ హోటళ్లు మూతపడ్డాయి. మూసేముందు కొన్న ఒక బర్గర్‌ను ఒకాయన తినకుండా దాచాడు, తర్వాత్తర్వాత దాన్ని చూడటానికి జనం వెళ్లేవారు. అదే జనం 2009 జనవరిలో గిన్నెలు, గరిటెలు పట్టుకొచ్చి పార్లమెంటు ముందు మోగించారు, ప్రభుత్వం దిగిపోయింది. ఉల్లిపాయల మీద నవ్వినవాళ్లే గిన్నెలు కొట్టారు. నవ్వితే బాధ్యత లేనట్టు కాదని మీ నాన్నగారికి చెప్పాలనుకుంటే ఈ కథ చెప్పండి. ఆయన కూడా 1991లో బ్యాంకులోనే ఉండి ఉంటారు. దేశం బంగారం ఇంగ్లండ్‌లో కుదువ పెట్టిన సంవత్సరం అది. ఆ రోజుల్లో బ్రాంచిలో ఏం మాట్లాడుకునేవారో, దేనికి నవ్వుకునేవారో అడగండి. మీ పోస్టుకు మంచి సరుకు ఇంట్లోనే దొరకొచ్చు.

ఇక ఆ అబ్బాయి సంగతి. ముందు ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, స్మైలీ అసలే వద్దు. అప్పటికి నాకు తెలియదు అని సంజాయిషీతో మొదలుపెట్టకుండా, ఆ వాక్యం రాయకుండా ఉండాల్సింది అని ఒక్క మాట చెప్పి, ఎలా ఉన్నావని అడగండి. తర్వాత అతను చెప్పేది వినండి. మీ కంపెనీలో రిఫరల్ ఇవ్వగలిగితే రెజ్యూమె పంపమనండి, ఇవ్వలేకపోతే ఇస్తానని ఆశ పెట్టకండి. సివరెన్స్ డబ్బు (ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చేది) ఎంత వస్తుందో, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంటుందో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడిగాడో లేదో కనుక్కోండి. షాక్‌లో ఉన్నవాళ్లు ఇవి మర్చిపోతారు. గ్రూపులోకి రమ్మని తొందరపెట్టకండి. శుక్రవారం పోస్టుకు పైన, మీ బ్యాచ్ వాళ్ల ఆఫీసుల్లో ఉన్న ఖాళీలు నాలుగైదు లైన్లలో పెట్టడం మొదలుపెట్టండి. అందరికీ పనికొస్తుంది, అతనొక్కడి కోసమే అన్నట్టు ఉండదు.

కొన్నాళ్లకు అతనే ఆ చివరి మీటింగు గురించి, ల్యాప్‌టాప్ అప్పగించిన రోజు గురించి ఏదో నవ్వొచ్చేది రాసి పంపవచ్చు. ఆ జోకు వేసే హక్కు మీకు లేదు, అతనికి ఉంది. పంపితే ఒక్క అక్షరం మార్చకుండా వేయండి. పేరు పెట్టాలా వద్దా అని మాత్రం ముందే అడగండి. ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మనిషి, స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరికి వెళ్తుందో చెప్పలేం.